అందరికంటే చిన్న తెర

మరిది చనిపోయాడని వదినకి ఎవరూ చెప్పలేదు. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, బంగాళాదుంపలకు చెక్కు తీస్తూ, ఆ చావుని ఆమె అక్షరాల్లో చూసింది.

గూఢచారి శాఖలో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి అలా పిలిచే హక్కున్నది ఆపరేటర్ ఒక్కడికే. అతను ఆమె భర్తకి సొంత తమ్ముడు. అతని నోట విని విని మిగతావాళ్ళకీ అదే అలవాటైంది, చివరికి ఫైళ్ళలో కోడ్‌నేమ్ కూడా అదే అయింది. భర్తకి మాత్రం ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఇద్దరి మీదా ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే, వేళకి తినరని.

"వదినా, కనిపిస్తోందా?" చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లోంచి మరిది గొంతు. వెనకాల కుట్టుమిషన్ల రొద. అతని రహస్య గది ఒక టైలరింగ్ దుకాణం మేడ మీద ఉంది.

"కనిపిస్తోంది. నువ్వు తిన్నావా?"

"ఆపరేషన్ మధ్యలో తిండి గోలేంటి తల్లీ!"

"తిన్నావా, లేదా?"

"బిస్కట్లు."

"అదొక తిండా? సాయంత్రం ఇంటికి రా."

లాప్‌టాప్‌లో బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. దాన్ని టెర్మినల్ అంటారు. ఇక్కడ ఒక మాట టైప్ చేసి ఎంటర్ కొడితే ఎక్కడో ఉన్న యంత్రం ఆ పని చేసి పెడుతుంది. వాళ్ళు వెంటాడుతున్న విదేశీ ముఠా తన పనంతా ఒక అద్దె సర్వర్ మీద, ఒకే ఒక్క టెర్మినల్ సెషన్‌లో నడుపుతోంది. ఏ దేశంలో ఉన్నవాడైనా తాళంచెవి లాంటి ఒక ఫైలుతో ఆ సెషన్‌లోకి వస్తాడు. ఒకడు టైప్ చేస్తే అందరి తెరల మీదా పడుతుంది. అందరూ లేచిపోయినా సెషన్ చావదు. మళ్ళీ ఎవరో ఒకరు వచ్చేదాకా దీపం ఆర్పని గదిలా అలా బతికే ఉంటుంది.

నెల రోజులు కష్టపడి మరిది ఆ గదిలోకి దూరాడు. సాక్షిగా ఉంటుందని వదినకీ ఒక తాళం ఇచ్చాడు. ఆమె తాళంతో చూడ్డం కుదురుతుందంతే, టైప్ చేయడం కుదరదు.

"దొరికింది వదినా. వాటర్ వర్క్స్‌లో క్లోరిన్ వాల్వులన్నీ ఒక్కసారిగా తెరిచే ఫైలు. టైం కూడా చూశావా? మధ్యాహ్నం షిఫ్టు మారే సైరన్‌కి. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ లోపలే ఉంటారు." అతని గొంతు కాస్త తగ్గింది. "అన్నయ్యది ఇవాళ ఏ షిఫ్టు?"

"పొద్దుటిది." ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె భర్త ఆ క్లోరిన్ హౌస్‌కి సూపర్‌వైజరు.

"కంగారుపడకు. ఫైలు చెరిపేసి, వీళ్ళు వచ్చిన దారి కూడా మూసేస్తా. ఎంతసేపు?"

తెర మీద అతని ఆజ్ఞ ఒక్కో అక్షరమే పడుతోంది. అది పూర్తి కాకముందే తెర కుంచించుకుపోయింది. అక్షరాలన్నీ మూలకి జరిగి వేలెడంత జాగాలో ముద్దగా పడ్డాయి. మిగిలిన తెరంతా చుక్కలు.

"ఇదేంట్రా?"

"ఎవరో ఫోన్‌లోంచి సెషన్‌లోకి వచ్చారు. ఎంతమంది కలిసి చూస్తున్నా, అందరికంటే చిన్న తెర ఎవరిదో ఆ కొలతకే అందరి తెరలూ తగ్గుతాయి. మనం నలుగురం బజారుకెళ్తే అమ్మ నడకతోనే అందరం నడిచేవాళ్ళం చూడు, అలాగన్నమాట." అతను నవ్వబోయి ఆగాడు. "కానీ ఇంత ఇరుకు తెర ఏ ఫోన్‌కీ ఉండదే. అక్షరాలు గుమ్మడికాయలంత పెంచుకున్నట్టున్నాడు వీడెవడో. వదినా, వీడికి నేను కనిపి..."

తలుపు తెరుచుకున్న చప్పుడు. దిండు మీద గట్టిగా చరిచినట్టు ఇంకో చప్పుడు. కింద కుట్టుమిషన్లు ఆగలేదు.

తెర మీద 'కె' అనే అక్షరం మొదలైంది. ఒకటి, పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. ఇరుకు మూలలో వరస నిండి కిందికి దిగింది. అదీ నిండి ఇంకా కిందికి దిగింది. ఏ మనిషీ అలా టైప్ చేయడు. కీబోర్డు మీద తల వాలిపోయినప్పుడు తప్ప.

"చిన్నోడా," అంది వదిన.

అక్షరాలు ఆగిపోయాయి. ఎవరో ఆ తలని పైకెత్తారు. ఇయర్‌ఫోన్‌లో ఒక బరువైన ఊపిరి వినిపించింది, ఆ వెంటనే లైను తెగింది. తెర మీద 'కె'లు వెనక నుంచి ముందుకు ఒక్కొక్కటే చెరిగిపోసాగాయి. చెరుపుతున్నవాడి వేలు రెండు మూడుసార్లు పక్క మీట మీదికి జారింది. చేతికి తొడుగు ఉంది కాబోలు అనుకుంది వదిన. ఏడవాల్సిన మనసు ఎందుకో లెక్కలు కట్టుకుంటోంది.

కాసేపటికి ఫోన్‌వాడు వెళ్ళిపోయాడు. తెర మళ్ళీ నిండుగా పరుచుకుంది.

ఆమె స్టవ్ కట్టేసింది. గ్యాసు కట్టేసింది. సగం చెక్కు తీసిన బంగాళాదుంప బల్ల మీదే ఉండిపోయింది. కత్తెర, కొలత టేపు, కళ్ళజోడు, లాప్‌టాప్ సంచిలో వేసుకుని శాఖకి ఫోన్ చేసింది.

"డ్రైక్లీనింగ్," అంది అవతలి గొంతు.

"కోటు మీద మరక పడింది."

"ఎలాంటి మరక?"

"పోయేది కాదు."

"పట్టుకొచ్చెయ్యమ్మా," అన్నాడు శాఖని నడిపే పెద్దాయన.

* * *

శాఖ కార్యాలయం నిజంగానే డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు కౌంటరు, వెనక ఆవిరి చిమ్మే రెండు ప్రెస్సింగ్ మిషన్లు, ప్లాస్టిక్ తొడుగుల్లో వేలాడే కోట్ల వరసలు. మూడో వరస పక్కకి తోస్తే పెద్దాయన గది. ఇవాళ పనివాళ్ళెవరూ లేరు.

పెద్దాయనది నిటారైన వెన్ను, తెల్లటి జుట్టు. ఈ వయసులోనూ కళ్ళజోడు పెట్టడు. 'మా పెద్దాయనది డేగ చూపు' అని కుర్రకారు చెప్పుకుంటారు. ఏ కాగితమొచ్చినా ఎదుటివాళ్ళ చేత చదివించడం ఆయన అలవాటు. చదివేటప్పుడు గొంతు ఎక్కడ వణుకుతుందో కనిపెట్టడానికని శాఖలో ఒక కథ ఉంది.

"కూర్చోమ్మా. నాకూ బిడ్డలాంటివాడే వాడు." టేబుల్ మీద నుంచి ఒక కాగితం జరిపాడు. "నువ్వే చదువు. గట్టిగా."

వదిన సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"టార్గెట్ ముత్యాలు. పక్క వీధి హోటల్, మూడో అంతస్తు, చివరి గది. విచారణ అవసరం లేదు." ఆమె తలెత్తింది. "ముత్యాలా?"

"ముఠాలోంచి మనవైపు వచ్చింది కదా అని నమ్మాం. వచ్చినదానికి మళ్ళీ వెళ్ళడం తెలీదా? మీ మరిది గది అడ్రసు తెలిసింది ముగ్గురికి. నాకు, నీకు, దానికి. మిగతాది నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు."

"చంపడం నువ్వు చూశావా?"

"తెర మీద చూశాను. వాడు నాకిచ్చిన తాళం చూడ్డానికే."

"చూడ్డానికేనా?" పెద్దాయన భుజాలు కాస్త వదులయ్యాయి. "పోన్లే. అంత ఘోరం చూడాల్సొచ్చింది నీకు."

"సార్, వాటర్ వర్క్స్..."

"ఫోన్ చేసేశాను. మీ ఆయన షిఫ్టుని బయటికి పంపించేస్తున్నారు. ఇంటి సంగతి మర్చిపో, నీ పని చూసుకో."

వదిన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. "మీ రుణం తీర్చుకోలేను సార్," అంది.

* * *

హోటల్లో దుప్పట్లు మార్చే మనిషిని ఎవరూ తలెత్తి చూడరు. బూడిదరంగు ఏప్రన్ కట్టుకుని, తువ్వాళ్ళ ట్రాలీ తోసుకుంటూ వదిన మూడో అంతస్తు చేరింది. ట్రాలీ పైఅరలో తువ్వాళ్ళ మధ్య లాప్‌టాప్ తెరిచే ఉంది. ఆ తెర మూయడానికి ఆమెకి చేతులు రాలేదు. వాడు ఆఖరిసారి మాట్లాడింది అందులోనే.

తలుపు తీసిన మనిషి ఎర్రటి పట్టు గౌనులో, తడి జుట్టుతో, మెడలో ముత్యాల దండతో ఉంది. స్నానానికైనా ఆ దండ తీయదని చెప్పుకుంటారు.

"లోపల పెట్టెయ్," అని వెనక్కి తిరిగి అద్దం ముందు కూర్చుంది ముత్యాలు. దువ్వెన అందుకుంటూ అద్దంలోంచే నవ్వింది. "ట్రాలీ బాగుంది అక్కా. కానీ ఈ హోటల్ తువ్వాళ్ళకి అంచు నీలం. నువ్వు తెచ్చినవి ఆకుపచ్చ."

వదిన కత్తెర విసరలేదు, దాంతోనే దూకింది. ముత్యాలు పక్కకి ఒరగడంతో కత్తెర అద్దంలో దిగి గాజు పెంకులు ఇద్దరి మీదా రాలాయి. హెయిర్ డ్రయ్యర్ వచ్చి వదిన చెంప మీద పగిలింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆమె ముత్యాలు జుట్టు మణికట్టుకి చుట్టి గోడకేసి కొట్టింది. ఒకసారి కొట్టి ఊరుకోలేదు. మూడోసారికి ముత్యాలు కాళ్ళు జారాయి. వదిన ఆమె రెండు చేతుల మీదా మోకాళ్ళు వేసి కూర్చుని కత్తెర మొనని గొంతు గుంటలో ఆనించింది.

"వాడు నా మరిది," అంది. "నువ్వు ముఠాకి అమ్మింది ఎవర్నో తెలుసా? వాడింకా పెళ్ళి కావాల్సినవాడు."

ముత్యాలు కళ్ళు పెద్దవయ్యాయి. "చిన్నోడా? చిన్నోణ్ణి చంపేశారా?" కత్తెర సంగతే మర్చిపోయి లేవబోయింది. మొన దిగి రక్తపు చుక్క ముత్యాల మీదికి జారింది. "నిన్న పొద్దున నాకు ఫోన్ చేసి, మా వదినకి మంచి చెప్పులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. వాణ్ణి నేనెందుకు చంపిస్తాను అక్కా?"

వదిన కత్తెరని ఇంక నొక్కలేదు. కిందటి వారమే ఆమె చెప్పు తెగింది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే ట్రాలీ మీద లాప్‌టాప్ తెర కుంచించుకుపోయింది.

అక్షరాలు మూలకి ముద్దగా చేరాయి, చుట్టూ చుక్కలు. పొద్దుటి లాగే, అంతే ఇరుగ్గా. ఆ ఇరుకులో ఎవరో నెమ్మదిగా టైప్ చేస్తున్నారు. ఎంటర్ పడింది. ఒక అంకె కనిపించి ఒక్కొక్కటిగా తగ్గడం మొదలుపెట్టింది. మరిది చెరపలేకపోయిన ఫైలు నడుస్తోంది.

వదిన కిందికి చూసింది. ముత్యాలు చేతులు రెండూ ఆమె మోకాళ్ళ కిందే ఉన్నాయి.

"నీ ఫోన్ ఏదీ?"

"మంచం మీద."

వదిన లేచి ఫోన్ తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టి తెరిచింది. అక్షరాలు చీమల బారులా సన్నగా ఉన్నాయి. కళ్ళజోడుతో చూసినా వదినకి ఒక్క ముక్క ఆనలేదు.

"ఇంత చిన్నవి ఎలా చదువుతావే?"

"నా కళ్ళకేం రోగం?" అంది ముత్యాలు గొంతు తుడుచుకుంటూ.

"ఈ సెషన్‌లోకి వచ్చినవాడు అక్షరాలు గుమ్మడికాయలంత పెంచుకున్నాడు. మా చిన్నోడు చచ్చిపోయే ముందు అదే చెప్పాడు. అది చత్వారం వచ్చినవాళ్ళ పని."

"నీకూ ఉందిగా అక్కా చత్వారం."

"నేను కళ్ళజోడు పెట్టుకుంటాను. చత్వారం ఉండీ పెట్టుకోనిది ఎవరు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వే చదువు," అంది ముత్యాలు నెమ్మదిగా.

"గట్టిగా," అంది వదిన.

అప్పుడు వదినకి ఇంకో సంగతి తట్టింది. ఆయన ప్లాంటుకి ఫోన్ చేయలేదు. ఎవర్నీ బయటికి పంపలేదు.

భర్తకి ఫోన్ చేసింది. రింగు పోతూనే ఉంది. క్లోరిన్ హౌస్‌లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఆయన ఫోన్ ఇనప లాకర్లో, టిఫిన్ డబ్బా పక్కన మోగుతూ ఉంటుంది. ఆఫీసు నంబరుకి చేస్తే లైనులో చప్పుడే లేదు, తీగ కోసేశారు. ప్లాంటు నగరానికి అవతలి చివర. సైరన్ మోగేలోపల కారులో వెళ్ళినా అందుకోలేరు.

"నీ దగ్గర ముఠా తాళం ఉండేదిగా?"

"నేను మీవైపు వచ్చిన రోజే రద్దు చేశారు. నీది చూసే తాళమే, చిన్నోడిది వాళ్ళ చేతిలో పడి ఉంటుంది. ఇంక టైప్ చేయగలిగిన తెర ఒక్కటే ఉంది."

"ఆయన జేబులో," అంది వదిన.

తలుపు తట్టారు. "రూమ్ సర్వీస్."

"నేనేం చెప్పలేదు," అని గొణిగింది ముత్యాలు.

వదిన ట్రాలీని తలుపు వైపు బలమంతా పెట్టి తోసింది. తలుపు తోసుకుని లోపలికొచ్చినవాడి పొట్టలో అది గుద్దుకుంది. తోలు చేతితొడుగులు, సైలెన్సర్ బిగించిన తుపాకి. ఆ తొడుగుల్లో కుడిదాని చూపుడు వేలి మీద ఎండిన మరక. తూటా పైకప్పులోకి పోయింది. వదిన కత్తెర వాడి మణికట్టులో ఇటునుంచి అటు దిగింది. తుపాకి జారిపడింది. ఈలోగా ముత్యాలు వెనక నుంచి తన దండ తీసి వాడి మెడకి చుట్టి, వీపు మీద మోకాలు పెట్టి లాగింది. ఆ ముత్యాలు గుచ్చింది దారంతో కాదు, ఉక్కుతీగతో. వాడి మడమలు తివాచీని చాలాసేపు తన్నాయి. తీగ చర్మంలోకి దిగి కనిపించకుండా పోయాక ఆగాయి.

కొక్కెం ఊడిన దండలోంచి ముత్యపు పూసలు ఎర్రగా నేల మీద దొర్లాయి.

"చిన్నోడి బాకీ," అంది ముత్యాలు రొప్పుతూ.

"వీడిది తీరింది, అంతే," అని వదిన కత్తెర ఊడలాగి ఏప్రన్‌కి తుడుచుకుంది. "నడు."

* * *

డ్రైక్లీనింగ్ దుకాణానికి 'మూసివున్నది' అన్న బోర్డు వేలాడుతోంది. లోపల ప్రెస్సింగ్ మిషన్లు ఆవిరి కక్కుతున్నాయి. ముత్యాలు చేతిలో చచ్చినవాడి తుపాకి. వదిన చేతిలో కత్తెర.

"రామ్మా," అన్నాడు పెద్దాయన కోట్ల వరసల వెనక నుంచి. "పనైందా?"

"అయింది సార్. కాగితం మీద సంతకం పెట్టాలి, మీరొకసారి చదువుతారా?"

జవాబుగా కోట్ల మధ్య నుంచి వరసగా రెండు తూటాలొచ్చాయి. మొదటిది ముత్యాలు భుజంలోంచి దూసుకుపోయి ఆమెను కౌంటర్ మీదికి విసిరేసింది. రెండోది వదిన చెవి పక్కన గాలిని చీల్చింది. ఆమె నేలకి వాలి కోట్ల కిందుగా పాకింది. పాలిష్ చేసిన నల్ల బూట్లు కనిపించాయి. ఎడమదాని వెనక నరం మీద కత్తెరతో ఒక్క వేటు వేసింది.

పెద్దాయన అరుస్తూ ప్రెస్సింగ్ మిషన్ మీదికి ఒరిగాడు. నిలదొక్కుకోవడానికి తుపాకి చెయ్యి పలక మీద ఆనింది. వదిన పెడల్ మీద రెండు కాళ్ళూ వేసి నిలబడింది. పైపలక దిగింది. ఆవిరి బుస్సుమంది. పెద్దాయన కేకకి కౌంటర్ మీద గాజు గ్లాసు కూడా మోగింది.

"ఆపు! ఆపమ్మా!"

"మా ఆయన ప్లాంటులో ఉన్నాడని తెలుసు మీకు."

"ముఠావాళ్ళు సముద్రం ఒడ్డున ఇల్లిస్తామన్నారు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "ముప్పై ఏళ్ళు ఈ బట్టల వాసన పీల్చాను. ఆ ప్లాంటు కంప్యూటర్ల తలుపు తెరవడానికి నా తనిఖీ పాస్‌వర్డ్ ఒక్కటి చాలు. నన్ను చంపినా అది ఆగదు. సెషన్ చావదు."

"ఆ సంగతి మావాడు చెప్పాడు."

ఆయన ఎడమ చేత్తో ఇస్త్రీపెట్టె అందుకుని ఆమె ముఖానికేసి కొట్టాడు. కళ్ళజోడు రెండు ముక్కలై ఎగిరిపోయింది. పెడల్ మీద నుంచి ఆమె కాళ్ళు జారాయి, పలక లేచింది. ఆయన కోటు జేబులోంచి ఫోన్ జారి నేల మీద తిరుగుతూ పోయి హేంగర్ల గుట్ట కింద ఆగింది.

వదిన మోకాళ్ళ మీద పాకింది. కళ్ళజోడు లేకపోతే ఆమెకి చేతికందే దూరంలో ఉన్నవేవీ ఆనవు. బియ్యంలో రాళ్ళు కూడా తడిమి ఏరుతుంది. ఒక కంట్లోకి రక్తం కారుతోంది. చేతికి ఫోన్ తగిలింది. ఎత్తి ముఖం ముందు పెట్టుకుంది.

అన్నీ కనిపించాయి.

ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. తెర మధ్యలో అంకె, గోడ మీద క్యాలెండర్‌లో తారీకులా లావుగా, నల్లగా దిగుతోంది. పదకొండు. పది.

మెడకి చల్లటిదేదో బిగుసుకుంది. హేంగర్ తీగ. పెద్దాయన ఉడికిపోయిన చేతిని, మంచి చేతిని కలిపి ఆమె మీద పడి మెలితిప్పుతున్నాడు. ఊపిరి ఆగింది. ఆమె చేతులు మెడ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఫోన్ వదలాలి. నడుస్తున్న ఏ ఆజ్ఞనైనా ఆపే మీటలు రెండున్నాయని మరిది ఒకనాడు కాఫీ తాగుతూ నేర్పాడు. కంట్రోల్, సి. 'ఏదైనా చెయ్యి దాటిపోతుంటే ఈ రెండూ నొక్కు వదినా. పప్పు మాడుతుంటే స్టవ్ కట్టేసినట్టే.'

ఐదు. నాలుగు. తెర అడుగున గుమ్మడికాయలంత మీటలు, తప్పిపోయే వీలు లేదు. ఆమె కంట్రోల్ నొక్కింది. తెర చీకటిగా అవుతోంది, లేదా ఆమె కళ్ళకే చీకట్లు కమ్ముతున్నాయి. రెండు.

సి.

అంకె 'ఒకటి' దగ్గర ఆగిపోయింది. దాని కింద ఖాళీ వరస, మెరిసే గీత.

వెనక తుపాకి పేలింది. మెడ మీద తీగ వదులైంది. బరువైన శరీరమొకటి ఆమె పక్కన నేల మీద పడింది. కౌంటర్ మీద ఒరిగిన ముత్యాలు ఇంకా తుపాకి దించలేదు.

"ఆగిందా అక్కా?"

వదిన మాట్లాడలేక ఫోన్ ఎత్తి చూపించింది. అంత దూరం నుంచి కూడా ముత్యాలుకి అది స్పష్టంగా కనిపించింది.

నగరం అవతలి చివర నుంచి సైరన్ సన్నగా వినిపించింది. షిఫ్టు మారింది.

కాసేపటికి ఆమె సంచిలో ఫోన్ మోగింది.

"ఏమోయ్, ఇన్ని మిస్డ్ కాల్సేంటి?" అన్నాడు భర్త. వెనకాల మనుషుల నవ్వులు, లాకర్ల తలుపుల చప్పుడు. "కొంపేమైనా అంటుకుందా?"

"లేదండీ." గొంతు బొంగురుగా వచ్చింది. "మీరు బయటికొచ్చారా?"

"వచ్చా. తమ్ముడుగాడికి ఎంతసేపటి నుంచో చేస్తున్నా, ఎత్తట్లేదు. రాత్రి భోజనానికి రమ్మను. నువ్వు చెప్తే వింటాడు."

వదిన నేల మీద కూర్చుని, పగిలిన కళ్ళజోడు ముక్కలు వేళ్ళతో దగ్గరికి చేర్చింది. ఆవిరి ఇంకా బుసకొడుతూనే ఉంది.

"మీరు ఇంటికి రండి," అంది. "నేనూ వస్తున్నా. వచ్చాక చెప్తాను."

* * *

మరిది దినకర్మలన్నీ అయ్యాక, ఒక పొద్దున శాఖకి కొత్త అధికారి వచ్చాడు. ఈయనదీ తెల్ల జుట్టే. భుజానికి కట్టుతో ముత్యాలు గుమ్మంలో నిలబడింది. మెడలో కొత్త దండ. వదిన ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆమె కాళ్ళకి కొత్త చెప్పులు. మరిది గదిలో, కాయితం విప్పని అట్టపెట్టెలో దొరికాయవి.

ఆమె రాసిన రిపోర్టు కొత్త అధికారి ముందుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. ఇంకొంచెం దూరంగా పెట్టాడు. కళ్ళు చికిలించాడు.

వదిన చెయ్యి సంచిలో కత్తెర మీదికి వెళ్ళింది. గుమ్మంలో ముత్యాలు చెయ్యి దండ మీదికి వెళ్ళింది.

"ఛ, ఈ ముసలితనం," అని కొత్త అధికారి జేబులన్నీ తడుముకుని, చివరికి చొక్కా జేబులోంచి దారం కట్టిన కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు. "ఆఁ, ఇప్పుడు కనిపిస్తోంది. నేనే చదువుకుంటాలెండి."

వదిన కత్తెర వదిలేసి సంచి జిప్పు వేసింది.